మందు అందరికీ ఒకేలా పనిచేయదు: ఈ పాఠంలో కులం, తెగ పేర్లు ఎంతవరకు చెప్పాలి?

మందుల_టీచర్ (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను సెకండియర్ ఎంబీబీఎస్ పిల్లలకు ఫార్మకాలజీ చెబుతాను. మందుల ప్రభావంలో మనిషికీ మనిషికీ ఎందుకు తేడా ఉంటుందనే క్లాసు వచ్చే వారం ఉంది. వయసు, బరువు, కిడ్నీ, లివర్, కలిపి వాడే మందుల వరకు సాఫీగా సాగిపోతుంది. ఆ తర్వాత జన్యువులు, జనసమూహాలు వస్తాయి. నాకు ప్రతి ఏడూ అక్కడే చిక్కు.

పట్టిక మీకూ గుర్తుండే ఉంటుంది. నల్లజాతివారి బీపీకి ఏసీఈ ఇన్హిబిటర్ రకం మందు ఒక్కటే ఇస్తే అంతగా తగ్గదు. జపనీయుల్లో ఎక్కువమంది టీబీ మందు ఐసోనియజిడ్‌ను త్వరగా కరిగించేస్తారు. చైనీయులకు మూర్ఛ మందు కార్బమజిపైన్‌తో ఒళ్లంతా చర్మం ఊడే రియాక్షన్ రావచ్చు. పిల్లలు దీన్ని ఎక్కాల్లా బట్టీ పట్టి పరీక్షలో దించేస్తారు. రేపు వాళ్ల ముందు కూర్చునేది నరసన్నపేట మనిషి, కురుపాం మనిషి. ఆ పట్టికలో వీళ్ల వరుస ఏది?

పోనీ ఉదాహరణలు మన దగ్గరి నుంచే ఇద్దామంటే వెంటనే కులం పేరో తెగ పేరో వస్తుంది. క్లాసులో అన్ని కులాల పిల్లలూ ఉంటారు. పేరు పలకగానే నలుగురు వెనక్కి తిరిగి ఒకరి వంక చూస్తారు. పలకకపోతే ప్రాణం మీదకొచ్చే సంగతి దాచినట్టవుతుంది. మీరెలా చెబుతున్నారు? డాక్టర్లు కానివాళ్లు కూడా రాయండి, నాకు ఆ వైపు మాట కూడా కావాలి.

మత్తు_డాక్టర్ (విజయనగరం)

మేడమ్, నా జవాబంతా ఒక్క మందు మీదే. స్కోలిన్. మీ పుస్తకాల్లో సక్సినిల్‌కోలిన్ అనో సక్సామిథోనియం అనో ఉంటుంది. గొంతులో గొట్టం వేయడానికి కండరాలు వదులు కావాలని ఇస్తాం. రక్తంలో ఉండే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది కాబట్టి మామూలుగా పది నిమిషాల లోపే ఊపిరి తిరిగి వస్తుంది. ఆ ఎంజైమ్ పనిచేయనివాళ్లకు గంటలు పడుతుంది. దాన్నే మేం స్కోలిన్ ఆప్నియా అంటాం.

ఆర్యవైశ్యుల్లో ఈ లోటు ఎక్కువని మన వైపు మత్తు డాక్టర్లు జూనియర్లకు నోటిమాటగా చెబుతూనే ఉంటారు. దాని మూలం 2006లో బయటపడింది. ఎంజైమ్‌లో 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ అనే మరొకటి ఉంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి పరిశోధన ప్రకారం ఈ లోటు వాళ్లలో మిగతా సమూహాలకన్నా దాదాపు 100 రెట్లు ఎక్కువ. ఎన్నో తరాల కిందట కొద్దిమందితో మొదలైన సమూహం, ఆ తర్వాత తమలో తామే పెళ్లిళ్లు. ఆ కొద్దిమందిలో ఉన్న మార్పు జనం పెరిగిన కొద్దీ పెరిగింది. ఇందులో బలం, బలహీనత అనే ప్రసక్తే లేదు. స్కోలిన్ లాంటి మందు ఒంట్లోకి వెళ్లనంతకాలం ఆ మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. తనకు ఆ లోటు ఉందని కూడా తెలీదు.

ఈ సంగతి తెలియని డాక్టర్ ఏం చేస్తాడు? ఆపరేషన్ అయిపోయిందని మత్తు ఆపేస్తాడు. పేషెంట్‌కు మెలకువ వస్తుంది. చుట్టూ మాటలు వినిపిస్తుంటాయి, కనురెప్ప కూడా ఎత్తలేడు. ఊపిరి అందక, పిలవలేక, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించండి. తెలిసినవాడైతే వెంటిలేటర్ మీద ఉంచి, మత్తు కొనసాగించి, మందు దానంతట అది పోయేదాకా కాస్తాడు. చికిత్స అంతే. తొందరపడి విరుగుడని నియోస్టిగ్మిన్ ఇస్తే అది ఉన్న కాస్త ఎంజైమ్‌నూ అడ్డుకుంటుంది.

కాబట్టి పేరు ఎత్తకుండా పాఠం చెబుదామంటే నేను ఒప్పుకోను. పేరు చెప్పాలి.

గంటస్తంభం

నేను డాక్టర్ని కాను, స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాడిని. డాక్టరు గారు చెప్పిన ఉదాహరణ గట్టిదే. కానీ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా పట్టికంతా సగటుల కథ. సగటు వేరు, ఎదుటి మనిషి వేరు. 1972లో రిచర్డ్ లెవాంటిన్ లెక్కగట్టి చూపించింది అదే: మనుషుల జన్యు వైవిధ్యంలో 85 శాతం దాకా ఒకే జనసమూహం లోపలే ఉంటుంది. సమూహానికీ సమూహానికీ మధ్య ఉండేది కొద్ది భాగం.

అమెరికాలో ఏం జరిగిందో మీ పిల్లలకు చెప్పండి. 2005లో గుండె వైఫల్యానికి బైడిల్ అనే మందును నల్లజాతివారి కోసమే అని అనుమతించారు. అందులో ఉన్నవి రెండూ పాత మందులే, హైడ్రలజిన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్. ఆ ట్రయల్‌లో చేరిన 1,050 మందీ తాము నల్లజాతివారమని చెప్పుకున్నవాళ్లే. మరణాలు 43 శాతం తగ్గాయి, చాలా మంచిది. అయితే తెల్లవాళ్లను ఆ ట్రయల్‌లో పెట్టనే లేదు కదా, వాళ్లకు పనిచేయదని ఆ లెక్క ఎలా చెబుతుంది? ఒక గుంపు మీదే పరీక్షించి, ఆ గుంపు పేరుతోనే లేబుల్ అతికించారు.

కిడ్నీ పనితీరు లెక్కలోనూ అంతే. రక్తంలో క్రియాటినిన్ ఒకటే ఉన్నా, మనిషి నల్లజాతి అని రాస్తే కిడ్నీ మెరుగ్గా ఉన్నట్టు చూపించే ఫార్ములా ఏళ్ల తరబడి వాడారు. దాంతో కొందరి పేర్లు కిడ్నీ మార్పిడి జాబితాలోకి ఆలస్యంగా ఎక్కాయి. 2021లో ఆ అంశాన్ని తీసేసి కొత్త ఫార్ములా తెచ్చారు.

వాళ్లు అంత తంటాలు పడి వదిలించుకుంటున్నదాన్ని మనం కులం పేరుతో కేస్ షీట్‌లోకి తెచ్చుకుందామా? నా మట్టుకు పేర్లు అసలొద్దు.

సెకండియర్_గుంటడు

మేడమ్, నేను వేరే కాలేజీలో సెకండియర్. మాకు ఈ టాపిక్ అయిపోయింది. ఎలా అయిందో చెబుతాను.

మా సార్ స్లైడ్ మీద కులం పేరు, దాని ఎదురుగా మందు పేరు వేశారు. ఒక్క నిమిషం, తర్వాతి స్లైడ్. ఎందుకు వస్తుంది, వస్తే ఏం చేయాలి అనేవి లేవు. ఆ రోజు నుంచి హాస్టల్లో నా పేరు స్కోలిన్. మాది కళింగ వైశ్య కుటుంబం. ఇంటిపేరు చూసి తేల్చేశారు. మొదట్లో నేనూ నవ్వాను, ఇప్పుడు విసుగొస్తోంది.

నిజంగా అడుగుతున్నాను, ఇది నాకు వర్తిస్తుందా? సెలవుల్లో టాన్సిల్స్ ఆపరేషన్ ఉంది. ఇంట్లో వాళ్లకు ఇంకా ఏమీ చెప్పలేదు.

మత్తు_డాక్టర్ (విజయనగరం)

తమ్ముడూ, ముందు నీ సంగతి. పరిశోధన జరిగింది ఆర్యవైశ్యుల మీద. కళింగ వైశ్యులు వేరే సమూహం. మీ పెళ్లి సంబంధాలు వేరు, ఆచారాలు వేరు, మీ ఊళ్లు ఎక్కువగా మన ఉత్తరాంధ్ర జిల్లాల్లోనే. ఒక సమూహంలో దొరికిన ఫలితాన్ని పేరు చివర మాట కలిసిందని ఇంకో సమూహానికి అంటించకూడదు. గంటస్తంభం గారూ, ఇక్కడ మీతో ఏకీభవిస్తున్నాను. కులం పేరు వాడేవాడికి ఆ పేరు లోపల ఎన్ని గదులున్నాయో తెలిసి ఉండాలి. బయటి ఊరి నుంచి వచ్చిన డాక్టర్‌కు "వైశ్య" అంటే ఒకటే.

ఆపరేషన్ గురించి: మత్తు డాక్టర్ ముందు రోజు చూడటానికి వస్తారు కదా, ఈ మాట చెప్పు. మీ ఇంట్లో, మేనమామల ఇళ్లలో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి రావడం ఆలస్యమైందా, వెంటిలేటర్ మీద పెట్టారా అని అమ్మనడుగు. అనుమానముంటే కోలినెస్టరేజ్ పరీక్ష ఉంది. స్కోలిన్ వద్దనుకుంటే రోక్యురోనియం ఉంది, దాన్ని వెనక్కి తిప్పడానికి సుగమ్మాడెక్స్ ఉంది. టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

ఆ స్లైడ్ మాత్రం అన్యాయం.

కిరాణా_రాజాం

ఈ చర్చ లింకు మా అబ్బాయి పంపాడు. మేం ఆర్యవైశ్యులం. చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా తమ్ముడికి హెర్నియా ఆపరేషన్ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేయించాం. అరగంట పని అన్నారు. రాత్రంతా మిషను మీద ఉంచారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు, అడిగితే "మత్తు పడలేదండీ" అన్నారు. తెల్లారి మామూలుగా లేచి కాఫీ అడిగాడు. బిల్లు పెరిగింది, మేమూ గొడవ పెట్టుకోలేదు, మనిషి దక్కాడు చాలనుకున్నాం. డిశ్చార్జి కాగితంలో ఆ సంగతి ఒక్క ముక్క కూడా లేదు. ఏ మందు పడలేదో ఇప్పటికీ మాకు తెలీదు. ఈ పేజీ చదివాకే ఇదై ఉంటుందని అనిపించింది.

తర్వాత మా చెల్లెలికి సిజేరియన్ వేరేచోట జరిగింది. అక్కడి మత్తు డాక్టరమ్మ వచ్చి కూర్చుని, "మీ తోబుట్టువులకు ఎప్పుడైనా ఆపరేషన్లు అయ్యాయా, ఎలా లేచారు" అని అడిగింది. కులం అడగలేదు. తమ్ముడి సంగతి చెప్పాం. నడుముకు మత్తిచ్చి పని కానిచ్చారు.

మా కులం పేరు చెప్పొద్దని నేను అనను, చెప్పండి. మా సంఘంలోనే ఈ విషయం తెలియనివాళ్లు సగానికి పైగా ఉంటారు. వాట్సాప్‌లో మాత్రం "వాళ్లకు మత్తు పడదు, ఆపరేషన్ చేయించుకోకూడదు" అని తిరుగుతోంది. అది చూసి మా పెద్దమ్మ కంటి శుక్లం ఆపరేషనే మానుకుంది. ఆవిడకెలా చెప్పాలో చెప్పండి ముందు.

మత్తు_డాక్టర్ (విజయనగరం)

శుక్లానికి కంటి దగ్గర మాత్రమే మొద్దుబారేలా చేస్తారు. స్కోలిన్ ఊసే ఉండదు. పెద్దమ్మగారిని నిశ్చింతగా తీసుకెళ్లండి.

మీ చెల్లెలి డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఉంది చూడండి, మేడమ్ పాఠం అక్కడ మొదలుపెట్టాలి.

ఆకుపసరు

ఇంగ్లీషు మందులతోనే ఇన్ని తలనొప్పులు. మన పెద్దలు ఆకుపసరుతో...

నాగావళి (నిర్వాహకులు)

విషయం మీదే ఉండండి. పై వ్యాఖ్యకు వచ్చిన జవాబులు తొలగించాను.

కొండదారి (సీతంపేట వైపు)

ఆలస్యంగా చూశాను, సిగ్నల్ ఉన్నప్పుడే రాయగలను. నేను ఏజెన్సీ పీహెచ్‌సీలో పనిచేస్తాను. మాకు స్కోలిన్ సమస్య లేదు, ఆపరేషన్ థియేటరే లేదు. మా సమస్య ప్రిమాక్విన్.

వైవాక్స్ మలేరియాకు క్లోరోక్విన్‌తోపాటు 14 రోజుల ప్రిమాక్విన్ ఇస్తాం. లివర్‌లో దాక్కున్న పరాన్నజీవిని అదే చంపుతుంది, లేకపోతే కొన్ని వారాలకో నెలలకో జ్వరం మళ్లీ వస్తుంది. జీ6పీడీ ఎంజైమ్ తక్కువ ఉన్నవాళ్లకు ఆ మాత్రతో ఎర్రకణాలు పగిలిపోతాయి. మూత్రం డికాషన్ రంగులోకి మారుతుంది, కళ్లు పచ్చబడతాయి, మనిషి పాలిపోతాడు.

ఈ లోటు మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల జనంలో ఎక్కువ. ఆఫ్రికా, మధ్యధరా తీరం, మన దేశం, ఆగ్నేయాసియా. లోటున్న వాళ్లకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉండటమే కారణం. మన పక్క రాష్ట్రంలో దొరికిన ఒక రకానికి జీ6పీడీ ఒరిస్సా అని పేరు కూడా ఉంది. కాబట్టి సవర, జాతాపు పిల్లల్లో ఉంటుందని కొత్తగా వచ్చిన డాక్టర్లకు ఎవరో ఒకరు చెప్పే పంపిస్తారు.

ఆ చెప్పినదాంతో ఏం జరుగుతుందో చూడండి. ఒక హౌస్ సర్జన్ వచ్చాడు, మంచి పిల్లాడు, భయస్తుడు. తెగ పేరు వినగానే ప్రిమాక్విన్ ఆపేయడం మొదలుపెట్టాడు. రియాక్షన్ రాలేదు సరే, జ్వరాలు తిరగబెట్టాయి. మళ్లీ మళ్లీ వైవాక్స్ వస్తే ఆ పిల్లలకు రక్తం తగ్గదా? బడి పోదా? అదే డాక్టర్ కింద ఊరి నుంచి వచ్చిన కాంట్రాక్టర్‌కు ఏమీ అడగకుండా రాసిచ్చేశాడు. మైదానంలో ఉన్నవాళ్లకు జీ6పీడీ లోటు రాదని ఎవరు చెప్పారు? లేబుల్ రెండు వైపులా దెబ్బ తీస్తుంది, మేడమ్. క్లాసులో చెప్పాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

తేల్చాల్సింది పరీక్ష. పరీక్షలోనూ మెలికలున్నాయి. ఎర్రకణాలు పగిలిన కొద్ది రోజుల్లోనే చేస్తే నార్మల్ అని రావచ్చు, ఎందుకంటే పాత కణాలు పోయి ఎంజైమ్ ఎక్కువున్న కొత్త కణాలే మిగులుతాయి. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో ఉందా లేదా అన్నది తేలిగ్గా తెలుస్తుంది. ఆడపిల్లల్లో సగం సగంగా ఉండి మామూలు పరీక్షకు దొరక్కపోవచ్చు. లోటు తేలినా దారి మూసుకుపోలేదు. వారానికోసారి చొప్పున 8 వారాలు, డాక్టర్ కనిపెట్టి ఉండగా ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

పరీక్ష అందుబాటులో లేనిచోట నేను చేసేది ఒకటే. మాత్రలు చేతిలో పెట్టేటప్పుడే మూత్రం రంగు మారితే మాత్ర ఆపి వెంటనే రమ్మని ఆశా వర్కర్ చేత వాళ్ల భాషలో చెప్పిస్తాను. ఇది తెగ చూసి చెప్పే మాట కాదు, మాత్ర తీసుకునే ప్రతి మనిషికీ చెప్పాల్సిందే.

పనిలో పని, పసిపిల్లల బట్టల మధ్య కలరా ఉండలు పెట్టొద్దని కూడా చెబుతాను. ఈ లోటున్న బిడ్డకు ఆ వాసనే చాలు, కామెర్లు ముదిరిపోతాయి.

సెకండియర్_గుంటడు

కొండదారి సార్, మలేరియా నుంచి రక్షణ అనేది మాకు సికిల్ సెల్ పాఠంలో చెప్పారు. జీ6పీడీకి కూడా అదే అని ఇప్పుడే తెలిసింది. ఇలా చెబితే గుర్తుంటుంది కదా, పట్టిక ఎందుకు?

గంటస్తంభం

గుంటడు బాబు మాట అక్షరాలా నిజం. కారణం చెబితే పట్టిక అక్కర్లేదు.

కొండదారి గారూ, ప్రిమాక్విన్ సంగతి బయటపడిన తీరు కూడా చదవదగ్గది. కొరియా యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు ఈ మందు ఇచ్చారు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు స్టేట్‌విల్ జైలులో ఖైదీల మీద ప్రయోగాలు చేసి, కొందరు నల్లజాతి ఖైదీల్లో రక్తం పగలడాన్ని గమనించి, 1956లో ఎంజైమ్ లోటును కనుక్కున్నారు. కనుక్కున్నది గొప్ప విషయమే. ఎవరి ఒంటి మీద కనుక్కున్నారో కూడా వైద్య విద్యార్థికి తెలియాలి.

పలాస_జీడిపప్పు

మెడికల్ షాపు నాది. పెద్దవాళ్ల మధ్య మాట్లాడుతున్నాను, తప్పైతే మన్నించండి.

మీరంతా జన్యువులు, ఎంజైములు అంటున్నారు. ఉద్దానంలో మందు తేడాగా పనిచేసిందంటే మేం మొదట చూసేది క్రియాటినిన్. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఏ ఊరైనా అన్ని కులాల్లోనూ కిడ్నీ పోయినవాళ్లున్నారు. జబ్బుకు మూలమేమిటో శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక మాట మీదకు రాలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి పెట్టారు. కొబ్బరితోటలో దిగబడి పనిచేసిన మనిషి సాయంత్రం నడుంనొప్పి అని వచ్చి డైక్లోఫెనాక్ అడుగుతాడు. ఇవ్వనంటే పక్క కొట్టుకు వెళ్తాడు. ఆ మాత్ర అతని కిడ్నీకి ఏం చేస్తుందో నాకు తెలుసు, అతనికి తెలీదు.

షుగరుకు మెట్‌ఫార్మిన్ కూడా అంతే కదండీ, కిడ్నీ వడపోత అంకె (ఈజీఎఫ్‌ఆర్) 30 కన్నా తగ్గితే ఆపాలి. ఈ మాట చెప్పే డాక్టర్లు కావాలి మాకు. మేడమ్, మీ పాఠంలో జాతుల పేజీకి ఎంత టైము, కిడ్నీ పేజీకి ఎంత టైము ఇస్తున్నారు?

మందుల_టీచర్ (శ్రీకాకుళం)

పలాస_జీడిపప్పు గారూ, తప్పేం లేదు. మంచి ప్రశ్న వేశారు. మీ ప్రశ్నకే మరో కొస ఉంది. గౌట్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్‌తో చర్మం ఊడే రియాక్షన్ హెచ్ఎల్ఏ-బీ 58:01 అనే జన్యు రకం ఉన్నవాళ్లలో ఎక్కువ. ఆ మనిషికి కిడ్నీ జబ్బు కూడా ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అంటే జన్యువు, కిడ్నీ విడివిడి పేజీలు కావు, ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. ఉద్దానం కేసు ఒకటి ఈసారి క్లాసులో పెడుతున్నాను.

ఇక అసలు సంగతి. చదువుతూ ఉండగా నాకు ఒక వరుస కుదిరింది. మీ ముందు పెడుతున్నాను, చీల్చి చెండాడండి.

మొదట కేసు. ఆపరేషన్ అయింది, మనిషి ఊపిరి తీసుకోవడం లేదు. కులం, ఊరు ఏదీ చెప్పను. ఏం చేస్తారు? వెంటిలేటర్, నిద్ర, ఓపిక. ప్రాణం నిలిపే పనికి పేరు అవసరం లేదని అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ఎందుకు అనే ప్రశ్న. ఎంజైమ్ తగ్గడానికి ఎన్ని దారులున్నాయి? పుట్టుకతో లోటు ఉండొచ్చు. గర్భం, లివర్ జబ్బు, తిండి లేక చిక్కిపోవడం కూడా ఉండొచ్చు. పురుగుమందు కూడా. మన ఆస్పత్రుల్లో కోలినెస్టరేజ్ పరీక్ష ఎక్కువగా చేసేది పురుగుమందు తాగిన కేసులకే. పుట్టుకతో లోటున్న మనిషిని ఏ అనుమానంతోనో తీసుకొస్తే, ఆ అంకె ఒక్కటే చూసి విషం తాగాడని రాసేసే ప్రమాదం ఉంది. పిల్లలు ఇక్కడ నిటారుగా కూర్చుంటారని నా నమ్మకం.

అప్పుడు కుటుంబం. రెండు కాపీలూ లోటువే ఉన్న మనిషి తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికం అయితే లెక్క ఎలా మారుతుంది? మన వైపు ఇది ఏ ఒక్క కులం సంగతీ కాదు, అన్ని కులాల్లోనూ మేనమామకు, మేనబావకు ఇచ్చిన పెళ్లిళ్లున్నాయి. ఆ తర్వాతే, చివర్లో, ఆర్యవైశ్యుల మీద జరిగిన పరిశోధన. పేరు చెబుతాను, ఆ సమూహం ఎలా ఏర్పడిందో చెబుతాను, పక్క సమూహానికి దాన్ని ఎందుకు అంటించకూడదో గుంటడు బాబు ఉదాహరణతో, అతని పేరు లేకుండా, చెబుతాను.

పట్టిక పూర్తిగా తీసేయను. కార్బమజిపైన్ లేబుల్ మీదే హెచ్ఎల్ఏ-బీ 15:02 రకం భారతీయుల్లో సగటున 2 నుంచి 4 శాతమని, కొన్ని సమూహాల్లో ఇంకా ఎక్కువని ఉంది. ఆ "కొన్ని సమూహాలు" అన్న మాట మీద పిల్లల చేత ప్రశ్నలు వేయిస్తాను. కొలెస్టరాల్ మందు రోసువాస్టాటిన్ లేబుల్ ఆసియావాసులకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమంటుంది. సింగపూర్‌లో చేసిన పరిశోధనలో తెల్లవారితో పోలిస్తే రక్తంలో ఈ మందు చైనీయుల్లో 2.3 రెట్లు, అక్కడి భారతీయ సంతతివారిలో 1.6 రెట్లు ఉంది. ఒకే లేబుల్ కింద రెండు వేర్వేరు అంకెలు. టోక్యో నుంచి టెక్కలి దాకా ఒకే డోసు ఎంతవరకు సబబో వాళ్లే వాదించుకోనీ.

మత్తు_డాక్టర్ (విజయనగరం)

వరుస బాగుంది. ఒక్కటి చేర్చండి. గుండెకు స్టెంట్ వేసినవాళ్లకు ఇచ్చే క్లోపిడోగ్రెల్. లివర్‌లో సీవైపీ2సీ19 ఎంజైమ్ దాన్ని మార్చితేనే అది పనిచేస్తుంది. బ్రిటన్‌లో పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాలున్నవారి మీద 2023లో వచ్చిన అధ్యయనంలో 57 శాతం మందిలో ఆ మార్పు పూర్తిగా జరగడం లేదు. సగానికి పైగా ఉన్నదాన్ని అరుదైన జాతి లక్షణమని ఎలా అంటాం? మన ఉపఖండంలో అది మామూలు సంగతి. స్కోలిన్ కన్నా ఇదే ఎక్కువమందికి తగులుతుంది, దీనికి ఏ కులం పేరూ అక్కర్లేదు.

గంటస్తంభం

మేడమ్ వరుసలో పేరు చివర్లో వస్తోంది. మొదట్లో రావడం కన్నా నయం. నేనైతే అప్పటికీ పేరు చెప్పను, "ఒక సమూహంలో" అంటాను. ఎందుకంటే మీ క్లాసు జాగ్రత్తగా సాగినా, పరీక్ష పేపర్ వేసేవాడు కులం ఇచ్చి మందు అడుగుతాడు. పిల్లలు చదివేది పేపర్ చూసి. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు వాళ్లు 83 సమూహాల నుంచి దాదాపు 10,000 మంది జన్యువులు చదివారు. రేపు దాని ఫలితాలు ఒక్కొక్కటీ వస్తుంటే ఒక్కో కులానికి ఒక్కో మందు అతికించే వార్తలు ఎన్ని వస్తాయో చూడండి.

కిరాణా_రాజాం

గురువుగారూ, మీరు "ఒక సమూహంలో" అంటే మా తమ్ముడికి అది తన గురించేనని ఎలా తెలుస్తుంది? పేరు మీరు దాస్తే వాట్సాప్ వాడు చెబుతాడు, వాడికి తోచినట్టు.

గంటస్తంభం

దీనికి నా దగ్గర సరైన జవాబు లేదండీ. ఆలోచిస్తాను. పరీక్ష పేపర్ గురించి నేనన్నది మాత్రం అలాగే ఉంది.

సెకండియర్_గుంటడు

పేపర్ గురించి సార్ అన్నది నిజమే. మాకు వైవాలో వచ్చింది. "ఏ కులంలో ఎక్కువ" అని అడిగారు. చెప్పాను, మార్కులు పడ్డాయి. "వస్తే ఏం చేస్తావు" అని అడిగి ఉంటే ఆ రోజు నాకు తెలీదు.

మేడమ్, మీ క్లాసు బయటివాళ్లు వినొచ్చా?

మందుల_టీచర్ (శ్రీకాకుళం)

మీ హెచ్‌ఓడీ దగ్గర పర్మిషన్ లెటర్ తెచ్చుకో, నేను మా వాళ్లతో మాట్లాడతాను. వైవా ప్రశ్నలు మా డిపార్ట్‌మెంటు వరకు నేను మార్పించగలను. యూనివర్సిటీ పేపర్ నా చేతిలో లేదు.

కొండదారి (సీతంపేట వైపు)

ఇంకోటి. రియాక్షన్ చూసినప్పుడు రిపోర్ట్ చేయడం కూడా ఆ క్లాసులోనే నేర్పండి. దేశమంతటికీ ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల నమోదు) టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024 ఉంది. డాక్టరే కాదు, పేషెంట్ అయినా ఫోన్ చేయొచ్చు. మన కొండల నుంచి రిపోర్టులు వెళ్లకపోతే మన జనం సంగతి ఏ లేబుల్ మీదకూ ఎక్కదు.

కిరాణా_రాజాం

మత్తు డాక్టరు గారూ, ఆఖరిగా ఒకటి. మా తమ్ముడికి ఇద్దరు పిల్లలు. భార్య మా మేనత్త కూతురే. ఇప్పుడు ఎవరెవరికి పరీక్ష చేయించాలి? పాత ఆస్పత్రి కాగితం లేకుండా ఎలా మొదలుపెట్టాలి?

మత్తు_డాక్టర్ (విజయనగరం)

మొదట తమ్ముడికి రక్తంలో సూడోకోలినెస్టరేజ్ (పైన చెప్పిన బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్‌కే ఇంకో పేరు) పరీక్ష చేయించండి. బయటి ల్యాబుల్లో కూడా దొరుకుతుంది. ఒంట్లో బాగున్నప్పుడు చేయించాలి, జ్వరమో కామెర్లో ఉన్నప్పుడు వద్దు. బాగా తక్కువ వస్తే మీకు, మీ చెల్లెలికి చేయించాలి. ఆమె గర్భంతో ఉంటే కాన్పయ్యాక కొన్ని వారాలు ఆగి. భార్య మేనత్త కూతురు అంటున్నారు కాబట్టి పిల్లలిద్దరికీ తప్పకుండా చేయించండి, బయటి సంబంధమైతే ఇంత గట్టిగా చెప్పేవాడిని కాదు.

పాత ఆస్పత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, అనస్థీషియా చార్ట్ నకలు కావాలని. పేషెంట్‌గా అడిగే హక్కు తమ్ముడికి ఉంది. చార్ట్ వచ్చినా రాకపోయినా, పరీక్షలో లోటు తేలితే ఒక కార్డు మీద తెలుగులో, ఇంగ్లీషులో ఇలా రాయించి పర్సులో పెట్టమనండి: "నాకు సూడోకోలినెస్టరేజ్ లోటు ఉంది. సక్సినిల్‌కోలిన్, మివాక్యూరియం ఇవ్వవద్దు." మివాక్యూరియం కూడా ఇదే ఎంజైమ్ విరగ్గొట్టే మందు. కింద పరీక్ష తేదీ, అంకె. కులం పేరు రాయనక్కర్లేదు.